ఉల్లివాసన పట్టిన రైలుపెట్టె

సియాటెల్ పక్కన మా బాతెల్‌లో ఆదివారం తెలుగు బడి పిల్లలు ఒక పత్రిక వేస్తున్నారు. అమెరికాలో మీ మొదటి ఉద్యోగం గురించి తలా ఒక పేజీ రాసివ్వండని పెద్దవాళ్ళందరినీ అడిగారు. మిగతావాళ్ళు వెంటనే రాసిచ్చేశారు. నేను నెలల తరబడి రేపూ మాపూ అంటూ దాటవేశాను. నేను చెప్పవలసింది ఉద్యోగం గురించి కాదు, ఆ ఉద్యోగంలో చేసిన ఒక చెడ్డపని గురించి. అది ఒక పేజీలో ఇమడదు. పిల్లల పత్రికలో వేస్తారో లేదో వాళ్ళ ఇష్టం.

ముందుగా ఒక సంగతి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు నలభై దగ్గరపడ్డాక నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు అరవై ఐదు దాటాక, ఇదే బడిలో, మనవరాలి పక్కన పొట్టి కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. "అమ్మమ్మా, దీర్ఘం ఫర్గెట్ చేసావ్" అని అది నా పుస్తకం దిద్దేది. కాబట్టి ఇందులో తప్పులుంటే దాన్ని అడగండి.

నేను విశాఖపట్నం చేపల రేవులో పెరిగాను. చేప మొప్ప ఎత్తి వాసన చూసి, అది ఏ పూట వలలో పడిందో చెప్పేదాన్ని. మా అమ్మ నా మాట మీదే వేలం పాడేది. బడికి ఎవరూ పంపలేదు, నేనూ అడగలేదు. మా ఆయన ఓడల్లో ఫ్రిజ్ మెకానిక్. దేశాలు తిరిగి తిరిగి, చివరికి సియాటెల్‌కి తూర్పున కొండలు దాటాక వచ్చే ఒక ఆపిల్ తోటల ఊళ్ళో, కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు. తర్వాత నన్నూ రప్పించాడు. అప్పటికి నాకు ముప్పై దాటాయి.

ఆ ఊరంతా ఒక రైలు యార్డు చుట్టూ కట్టినట్టు ఉండేది. ఏడు వరసల పట్టాలు, వాటికి ఆనుకుని ఆపిల్ ప్యాకింగ్ షెడ్లు. ఇళ్ళు, బడి, చర్చి అన్నీ ఆ షెడ్ల తర్వాతే. వెనకటి రోజుల్లో రైలుపెట్టె పైకప్పు మీద మూతలు తీసి, మనుషులు పైనుంచి ఐసు దిమ్మలు లోపలికి తోసేవారట. ఆ ఐసు దాచే గిడ్డంగి ఇంకా ఉంది, దాని గోడలు మూర మందం. నేను వెళ్ళేనాటికి ఐసు పోయి, ప్రతి పెట్టెకూ ఒక కొసన డీజిల్ యంత్రం వచ్చింది. కోతల కాలంలో ఊరు ఊరంతా ఆ యంత్రాల రొదే. అది ఆగితే పిల్లలు లేచి కూర్చునేవారు.

నేను పనిలో చేరిన రోజే మెక్సికో నుంచి వచ్చిన ఒకావిడ కూడా చేరింది. ఇద్దరినీ కాయలు ఏరే బల్ల దగ్గర పక్కపక్కన నిలబెట్టారు. ఆవిడకీ చదువు రాదు. సంతకం పెట్టవలసిన చోట ఇద్దరం ఒకేలాంటి వంకర గీత గీసేవాళ్ళం. నన్ను "కొమాద్రె" అని పిలిచేది. వాళ్ళలో దగ్గరి స్నేహితురాళ్ళు అలా పిలుచుకుంటారు. మా ఇద్దరి మాటలూ వచ్చీరాని ఇంగ్లీషులో సాగేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రెండేళ్ళకి మేనేజరు నా ముక్కు సంగతి కనిపెట్టాడు. కుళ్ళు పైకి కనబడకముందే నేను వాసన పట్టి కాయల తొట్టె ఆపేసేదాన్ని. ఆయన నన్ను బల్ల దగ్గర్నుంచి తీసి యార్డులో వేశాడు. ఖాళీగా వచ్చిన రైలుపెట్టెలను సరుకుకు సిద్ధం చేయడం నా పని. ఊడవాలి, మేకులు పీకాలి, కింద పరిచిన చెక్క పలకలు కడగాలి. ఆఖరున వాసన చూడాలి. ఆపిల్ పక్కవాటి వాసన ఇట్టే పట్టేస్తుంది. ముందు సరుకు ఏదైనా కంపు వదిలితే, పెట్టెలో ఎక్కించిన కాయలన్నిటికీ అంటుకుంటుంది.

చలికి వాసన బయటకు రాదు, చెక్కలోనే దాక్కుంటుంది. అందుకని నేను బకెట్టుడు వేణ్ణీళ్ళు తెచ్చి ఒక మూల పోసి, తలుపు మూసి, చీకట్లో కాసేపు నిలబడేదాన్ని. ఆవిరితోపాటు చెక్కలో ఉన్నదంతా పైకి లేచేది. పెట్టె బాగుంటే తలుపు కింది మూల సుద్దతో సున్నా చుట్టేదాన్ని. బాగాలేకపోతే ఇంటూ. సరుకెక్కించే మగవాళ్ళు నా సున్నా లేనిదే తలుపు తీసేవారు కాదు. అక్షరం రానిదాన్ని, నా గీతకు అంత విలువ ఉండేది.

ఆ రోజుల్లో ఆవిడ సాయంత్రాలు లైబ్రరీలో పెద్దవాళ్ళ చదువు క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

"నువ్వూ రా కొమాద్రె, ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుందాం."

"ఇంటి దగ్గర పిల్ల ఏడుస్తుంది" అన్నాను.

పిల్ల ఏడవదు. మా ఆయన చక్కగా ఆడించేవాడు. ఆవిడ పక్కన కూర్చుంటే ఇద్దరిలో మొద్దు ఎవరో తేలిపోతుందని నా భయం.

మూడేళ్ళు తిరిగేసరికి ఆవిడ యార్డు గుమస్తా అయింది. పొద్దున్నే అట్ట పట్టుకుని పట్టాల వెంట నడుస్తూ, ఏ పట్టా మీద ఏ నంబరు పెట్టె ఉందో రాసుకునేది. చెవి మీద పెన్సిలు, ముక్కు మీద కళ్ళజోడు, హీటరున్న చిన్న గది. నేను పక్క పట్టా మీద చీపురు పట్టుకుని ఉండేదాన్ని. చెయ్యి ఊపేది. నేను చూడనట్టు వంగి ఊడ్చేదాన్ని.

ఇంట్లో మా ఆయన నోరు ఊరుకునేది కాదు.

"ఆవిడ్ని చూడు, నీతోపాటే వొచ్చింది. ఇప్పుడు మా సూపర్వైజరు కూడా ఆవిడ సంతకం కోసం ఆగతన్నాడు."

"అయితే ఆవిడ చేతే వొండించుకో."

"వొండతాదేటి? అడిగి చూడు, పున్నెముంటాది."

ఆయనది వేళాకోళం. నాకు మాత్రం అన్నం సహించేది కాదు.

ఇలా ఉండగా ఆవిడ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. ప్రతి పెట్టె తలుపుకీ ఒక కార్డు. నేను శుభ్రం చేశాక ఆవిడ వచ్చి, లోపల చూసుకుని, కార్డు మీద రాసి సంతకం పెడుతుంది. మేనేజరు అందరినీ పిలిచి మెచ్చుకున్నాడు. "ఇకనుంచి కార్డే చూడండి. సుద్ద గీతలు ఏ ఊళ్ళో ఎవరు గీశారో ఎవరికి తెలుసు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. పెట్టెలు దేశమంతా తిరిగొస్తాయి, ప్రతి యార్డులోనూ ఎవరో ఒకరు ఏదో గీస్తారు. కానీ ఆ మాట నా నెత్తిన కొట్టినట్టయింది. ఆవిడ మాత్రం నా దగ్గరికొచ్చి, "నువ్వు గీతలు మానకు, నేను చూసుకుంటూ ఉంటాను" అంది. ఆ జాలి నాకు ఇంకా మండింది.

ఒకరోజు నా బకెట్టు చూసి, "ఈ వేణ్ణీళ్ళు ఎందుకు?" అని అడిగింది.

"నేల కడగడానికి" అన్నాను.

ఇంగ్లీషు అక్షరాలన్నీ ఆవిడకి వచ్చేశాయి. ఇదొక్కటైనా నా దగ్గర ఉండనీ అనుకున్నాను.

అసలు రోజు కోతల చివర వచ్చింది. ముందు రోజు సాయంత్రం ఏడో పట్టా మీద ఒక పెట్టె దిగింది. ఊడ్చాను, కడిగాను, వేణ్ణీళ్ళు పోసి తలుపు మూశాను. ఆవిరిలో ఉల్లివాసన గుప్పుమంది. పలకల కింద, నీళ్ళు పోయే కన్నం దగ్గర, ఎప్పటిదో ఉల్లిపొట్టు చెక్కకు అంటుకుపోయి ఉంది. గీకాను, వాసన పోలేదు. రెండు రోజులు తలుపులు తీసి గాలికి ఉంచాలి. కింది మూల ఇంటూ గీసి ఇంటికి వెళ్ళాను.

తెల్లారేసరికి యార్డంతా మంచు పేరుకుంది. ఆ పెట్టె మధ్యాహ్నం ఇంజన్‌కి వెళ్ళవలసిన ఆర్డరుకి కావాలి, ఇంకొకటి లేదు. ఆవిడ టార్చి పట్టుకుని లోపలికెళ్ళి చూసింది. ఆ చలికి వాసన ఎక్కడిది? బయటికొచ్చి కార్డు రాసి తగిలించింది. తర్వాత నన్ను వెతుక్కుంటూ నీళ్ళ కుళాయి దగ్గరికి వచ్చింది.

"కొమాద్రె, ఏడో పట్టా పెట్టెకి కింద ఇంటూ ఉంది. నీదేనా, ఎక్కడిదో పాతదా?"

ఆవిడ చేతులకి కొత్త తోలు తొడుగులున్నాయి. మేనేజరు ఇచ్చినవి. నా చేతులు మంచుకి పగిలి ఉన్నాయి. నేను ఆ తొడుగుల వంకే చూస్తున్నాను.

"నాది కాదు" అన్నాను.

"లోపల నాకేం తెలియలేదు. నువ్వొకసారి చూడరాదూ?"

"కార్డు రాసేశావుగా. కార్డుంటే నా ముక్కెందుకు?"

నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. "నీ ముక్కు లేకపోతే ఈ యార్డే లేదు" అని నా భుజం తట్టి వెళ్ళింది. దూరం నుంచి చూశాను. పెట్టె దగ్గర వంగి, ఆ కొత్త తొడుగుతోనే నా ఇంటూని శుభ్రంగా తుడిచేసింది.

సరుకెక్కించడానికి మూడు గంటలు పట్టింది. అప్పుడు చెప్పినా సరిపోయేది. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళాను. మొదటిసారి లోపల సగం కూడా నిండలేదు. చెప్పాలంటే అబద్ధమాడానని ఒప్పుకోవాలి కదా అని వెనక్కి తిరిగాను. రెండోసారి ఆవిడ ఏదో చెబితే ఎక్కించేవాళ్ళందరూ పగలబడి నవ్వుతున్నారు. నేనున్నప్పుడు వాళ్ళు ఎప్పుడూ అలా నవ్వలేదు. ఈసారి చెప్పాలనే అనిపించలేదు, వెనక్కి వచ్చేశాను. మధ్యాహ్నం ఇంజన్ వచ్చి దాన్ని లాక్కుపోయింది.

పన్నెండో రోజున ఫోను వచ్చింది. తూర్పున ఎక్కడో పెట్టె తెరిచి, ఒక్క కాయ కూడా దించుకోకుండా తిప్పి పంపేశారట. మేనేజరు మా అందరినీ షెడ్డులో నిలబెట్టాడు. ఆవిడ కార్డు పట్టుకుని ముందుకొచ్చింది.

"ఇంటూ గుర్తు చూశాను. పాతదనుకుని తుడిచేశాను. లోపల వాసన చూశాను, తెలియలేదు. సంతకం నాది."

మేనేజరు నా వైపు తిరిగాడు. "ఆ గుర్తు నీదా?"

ఇరవైమంది చూస్తున్నారు. "కాదు" అన్నాను. రెండోసారి.

నేను చెప్పింది చాలలేదేమోనని ఆవిడే అందుకుంది. "తనది కాదు. ఆ రోజే అడిగాను."

నన్ను వెనకేసుకొచ్చింది. నిజం చెబుతున్నాననుకుని నా అబద్ధానికి సాక్ష్యం చెప్పింది. ఆ క్షణంలో నాకు సిగ్గు రావాలి. వచ్చింది, కొంచెం ఆలస్యంగా. ముందు వచ్చింది మాత్రం అసూయే. అంత మందిలో తల ఎత్తుకుని "సంతకం నాది" అని ఎలా అనగలిగింది అని.

ఆవిడ్ని మళ్ళీ కాయలు ఏరే బల్ల దగ్గరికి పంపేశారు. మొదటిరోజే ఎవరో ఆవిడ నిలబడే చోట ఒక ఉల్లిపాయ పెట్టారు. "సంతకం పెట్టు గుమస్తా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆవిడ దాన్ని సంచీలో వేసుకుని, "సాయంత్రం కూరలోకి లేదనుకుంటున్నా" అంది. నవ్వేవాళ్ళు నవ్వారు. సాయంత్రం నడిచి వెళుతూ ఆ ఉల్లిపాయని పట్టాల మీదికి విసిరేయడం నేను చూశాను.

నా ముచ్చటా తీరలేదు. "నీకు చదువొచ్చుంటే ఆ కుర్చీ నీకే ఇచ్చేవాణ్ణి" అన్నాడు మేనేజరు. ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. మరుసటి ఏడాది పెట్టెలు సగానికి తగ్గాయి. లారీ అయితే షెడ్డు ముందుకే వస్తుంది, నేరుగా కొనేవాడి గుమ్మంలో దింపుతుంది. మా ఊళ్ళో అంతకు ముందునుంచే లారీలు పెరుగుతున్నాయి. కానీ ఊరికి కథ కావాలి. ఉల్లిపాయల పెట్టె వల్లే రైలు పోయిందని కాఫీ కొట్లో చెప్పుకోవడం మొదలుపెట్టారు. కడగడానికి పెట్టెలు లేక నేనూ బల్ల దగ్గరికే వచ్చాను. మళ్ళీ ఆవిడ పక్కన.

అక్కడే నాకు అక్షరాలు వచ్చాయి. నేనే అడిగాను. ఆవిడకి వచ్చింది నాకు రాకపోవడం ఇక భరించలేక అడిగాను. ఆవిడ జ్యూసుకి పోయే పనికిరాని కాయ ఒకటి తీసి, గోటితో దాని మీద ఒక అక్షరం గీసి నా ముందుకు దొర్లించేది. నిమిషాల్లో ఆ గీత గోధుమరంగుకి తిరిగి కనబడేది. నేను పక్కనే ఇంకో కాయ మీద గీసి చూపించేదాన్ని. తల ఊపితే రెండూ జ్యూసు తొట్టెలోకి పోయేవి. ఒక కోతల కాలంలో ఇరవయ్యారూ నేర్పింది. ఒక్కసారి విసుక్కోలేదు. అదీ నాకు కంటగింపే. నేనైతే అంత ఓపికగా నేర్పగలనా అనుకునేదాన్ని. వేణ్ణీళ్ళ సంగతే నేర్పనిదాన్ని.

తర్వాత ముప్పై ఏళ్ళు స్నేహంగానే ఉన్నాం. మా ఆయన పోయినప్పుడు ఆవిడ మా ఇంట్లో వారం రోజులుంది. నేను బాతెల్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చేశాక ప్రతి ఆదివారం ఫోను చేసుకునేవాళ్ళం. చెప్పాలని చాలా ఆదివారాలు అనుకున్నాను. ఎన్ని దాటితే అంత కష్టమైంది.

మొన్న ఆగస్టులో ఆ ఊరి పాత ఐసు గిడ్డంగిని మ్యూజియం చేశారు. పట్టాలు ఎప్పుడో పీకేశారు, ఇప్పుడక్కడ కార్ల పార్కింగ్. పాత పనివాళ్ళని రమ్మని పిలిచారు. నేను బస్సులో వెళ్ళాను. ఆవిడ బస్టాండుకి కారు తెచ్చి ఎక్కించుకుంది. లోపల గోడ నిండా ఫొటోలు, బోర్డులు. ఐసు రోజులు, డీజిల్ రోజులు దాటి ఆఖరి బోర్డు దగ్గర ఆగాం. ఒక గుమస్తా అజాగ్రత్తగా ఉల్లివాసన పట్టిన పెట్టెకి అనుమతి ఇచ్చిందనీ, ఆ తర్వాత ఈ ఊరి నుంచి ఆపిల్స్ రైలెక్కడం తగ్గిపోయిందనీ రాసి ఉంది. పేరు రాయలేదు. ఆ ఊళ్ళో రాయనక్కర్లేదు.

ఆవిడ పైకి చదివి నవ్వింది. "చూశావా కొమాద్రె, నేను చరిత్రకెక్కాను."

ఆ నవ్వు నాకు తెలుసు. ఉల్లిపాయ సంచీలో వేసుకున్నప్పటి నవ్వు.

"ఆ ఇంటూ నాదే" అన్నాను.

ఆవిడ బోర్డు వంకే చూస్తూ ఉంది.

"నేను లోపలికి వెళ్ళాను. నాకేమీ తెలియలేదు."

"చలికి తెలియదు. వేణ్ణీళ్ళు పొయ్యాలి. ముందురోజు పోసి చూశాను."

"నేల కడగడానికన్నావు."

"అన్నాను."

పక్కనున్న కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అప్పట్నుంచీ నా ముక్కుని నేను నమ్మలేదు. పాలు విరిగాయో లేదో పిల్లల్ని వాసన చూడమనేదాన్ని. ఇప్పుడు మనవణ్ణి చూడమంటున్నాను. ముప్పై ఏళ్ళు."

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పి ఏం లాభం? వాళ్ళకి చెప్పు."

మ్యూజియం చూసుకునే పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. బోర్డు మార్చడం ఇప్పట్లో కుదరదనీ, కావాలంటే ఒక చీటీ మీద రాసిస్తే దాని కిందే పెడతాననీ అన్నాడు. అట్టముక్కా పెన్నూ ఇచ్చాడు. ఇంగ్లీషులో, నా చేత్తో రాశాను. ఆ పెట్టె మీద ఇంటూ గుర్తు నేను పెట్టాను. పెట్టె బాగాలేదని నాకు తెలుసు. గుమస్తా వచ్చి అడిగితే నాది కాదని చెప్పాను.

ఆవిడ చదివి వెనక్కి ఇచ్చింది. "ఎందుకు చెప్పావో రాయలేదు."

"అందరూ చదువుతారు."

"నాదీ అందరూ చదివారు."

మళ్ళీ పెన్ను తీసుకుని, ఆవిడ మీద అసూయతో, అని చేర్చాను. కింద నా పేరు పెట్టాను. ఆవిడ ఆ చీటీని బోర్డు కింద తనే గుచ్చింది, పిల్లలకి కూడా అందే ఎత్తులో.

బస్టాండు దాకా దింపింది. దిగేటప్పుడు, "ఆదివారం ఫోను చెయ్యకు. చెయ్యాలనిపిస్తే నేనే చేస్తాను" అంది.

ఇప్పటికి పదకొండు ఆదివారాలయ్యాయి. ఫోను రాలేదు. మా అమ్మాయి, "అమ్మా, నువ్వే ఒక కాల్ చెయ్యొచ్చుగా" అంటుంది. వద్దందని చెబుతాను. ఎప్పుడు మాట్లాడాలో, అసలు మాట్లాడాలో వద్దో తేల్చవలసింది ఆవిడే.

పోయిన వారం మా పక్కింటి తెలుగు పిల్లలిద్దరు, ఇక్కడ మాస్టర్స్ చదువుకుంటున్నవాళ్ళు, ఆపిల్స్ కోసుకోవడానికి ఆ ఊరి వైపు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి మ్యూజియం చూసొచ్చారు. వాళ్ళలో అమ్మాయి చెప్పింది. "ఆంటీ, అక్కడ ఒక పెద్దావిడ ఉంది, శనివారాలు వచ్చి అందరికీ మీ పేరున్న చీటీ చూపించి స్టోరీ మొత్తం చెప్తోంది. వేణ్ణీళ్ళ బకెట్ దగ్గర్నుంచి. మీ గొంతు కూడా ఇమిటేట్ చేస్తోంది. భలే చెప్తోంది ఆంటీ, జనం కదలట్లేదు."

"నాకంటే బాగా చెబుతోందా?" అని అడిగాను.

"మీరు మాకెప్పుడూ చెప్పలేదు కదా ఆంటీ."

వాళ్ళు వెళ్ళాక బల్ల మీది సామాన్లు పక్కకి నెట్టి, ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.